మా డ్రైవింగ్ సారు చెప్పిన సాక్ష్యం

పిల్లలందరినీ బడి దగ్గర దింపేసి, వెనక టైరులో గాలి తగ్గినట్టు అనిపించి పంచర్ షాపు ముందు వ్యాన్ ఆపాను. ఇక్కడ పులివెందులలో ఆ షాపు నడిపే మస్తాన్‌ది ప్రొద్దుటూరు. గాలి గొట్టం టైరుకు తగిలిస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"షమీమక్కా, మీ డ్రైవింగ్ సారు పోయినాడంట. నిన్న సాయంత్రం. గుండెనొప్పి."

"యాడ?" అన్నాను. ఎందుకు ముందుగా ఆ మాటే అడిగానో తెలియదు.

"కార్లోనే. ఎవరో పాపకు నేర్పిస్తాండాడంట. ఆ పాపే ఆస్పత్రి దాకా బండి తోలకపోయిందంట. అప్పటికే అయిపోయింది." గొట్టం తీసేసి నా వైపు చూశాడు. "రేపు పొద్దున ఎత్తుతారంట. పోతావా?"

"చూస్తా" అన్నాను.

"మీ సారు" అన్నాడు మస్తాన్. నా సంగతి కొంత తెలిసి కూడా అట్లాగే అన్నాడు. అనకుండా ఎట్లా ఉంటాడు? నా చేతికి స్టీరింగ్ ఇచ్చినవాడు ఆయనే. నన్ను ప్రొద్దుటూరు కోర్టు బోనులో నిలబెట్టినవాడూ ఆయనే. వ్యాన్ తీసి ఇంటికి వచ్చాను. వంట మొదలుపెట్టాను గానీ పొయ్యి మీద ఏం పెట్టానో గమనం లేదు. ఆ మనిషే కళ్ళ ముందు కూర్చున్నాడు, తనకు అలవాటైన పద్ధతిలో.

ఆ పద్ధతి ప్రొద్దుటూరులో ఆయన దగ్గర నేర్చుకున్న ఎవరిని అడిగినా చెబుతారు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే నేర్పేవాడు తొక్కడానికి. మొదటి రోజు నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఆయన పక్క సీట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్లు వేసుకుని కూర్చున్నాడు. 

"సారూ, మీ బ్రేకు?"

"అది ఆఫీసోళ్ళు చూసేదానికి పెట్టించింది. నా కాలు బ్రేకు మీదుంటే నీ కాలు నిద్రపోతాది. తోలు డ్రైవరమ్మా."

బండి ఇంకా కదలనే లేదు, అప్పుడే నన్ను డ్రైవరమ్మా అన్నాడు.

చొక్కా కాలరు వెనక మడిచిన చేతిరుమాలు, జేబులో వేయించిన శెనక్కాయలు. ఒక్కొక్కటే ఒలుచుకుని తింటూ నేర్పేవాడు. పొట్టు రోడ్డు మీద వేసేవాడు కాదు, ఇంకో జేబులో వేసుకునేవాడు. నేర్చుకునేవాళ్ళను ఎప్పుడూ తిట్టలేదు. తిట్టాల్సి వస్తే కారును తిట్టేవాడు. నేను క్లచ్ గబుక్కున వదిలి బండి ఎగిరిపడితే, డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టి "ఏమే ముసల్దానా, పాప ఒక రవ్వ కాలు తీస్తే ఇంత దూకాల్నా?" అనేవాడు. మొదటి వారమంతా హారన్ తీగ పీకేసి పెట్టాడు. హారన్ కొడితే ఎదుటివాడు చూసుకోవాలి, కొట్టకపోతే నువ్వు చూసుకోవాలి, కాబట్టి నువ్వే చూసుకో, అని ఆయన లెక్క.

ఊరి బయట మైదానంలో నేను వెనక్కి తోలడం నేర్చుకుంటుంటే, ఒకరోజు నలుగురు మగవాళ్ళు బైకుల మీద కూర్చుని నవ్వారు. బురఖా వేసుకుని కారు తోలడం వాళ్ళకు తమాషాగా ఉంది. సారు కారు ఆపించి దిగాడు. వాళ్ళలో గట్టిగా నవ్వినవాణ్ణి పిలిచాడు.

"రాప్పా, నువ్వు తోలు. ఆ రెండు రాళ్ళ నడుమ వెనక్కి తీస్కపోయి పెట్టు. మా పాపకు చూపించు."

అతను కూర్చున్నాడు. రాయికి గుద్దాడు. వెనక బంపరు సొట్టపోయింది. సారు "పోయి రాప్పా" అని తలుపు తీసి దింపాడు. ఆ సొట్టను బాగు చేయించలేదు. తర్వాత నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలందరికీ అది చూపించి, ఎట్లా పడిందో చెప్పేవాడు.

నన్ను ముద్దనూరు రోడ్డుకు తీసుకుపోయాడు. అది థర్మల్ ప్లాంటు నుంచి బూడిద మోసే లారీలు తిరిగే దారి. లారీ వెనక పోతే ముందు ఏముందో కనపడదు, అంతా తెల్లటి దుమ్ము. నేను దాటబోతే ఆయన "కనపడిందా?" అనేవాడు. "లేదు" అంటే "మరి ఎందుకు పోతాండావు?" అనేవాడు. అంతకు మించి పాఠం లేదు. ఈ రోజుకు కూడా కనపడని చోట నా చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

మా ఆయన కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఒకరోజు పాఠం మధ్యలో ఫోను చేస్తే, పిల్లల వ్యాన్ తోలే పని చేస్తానని చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు. ఆడమనిషి వ్యాన్ తోలితే జమ్మలమడుగులో తలెత్తుకోలేమన్నాడు. నా మొహం చూసి సారు ఫోను తీసుకున్నాడు.

"ఏమప్పా, నువ్వు ఆడ ఏం పని చేస్తాండావు?"

మా ఆయన చెప్పాడు.

"ఆ ఇంటి ఆడోళ్ళను యాడికి కావాలంటే ఆడికి తోలకపోతాండావా లేదా? నీ ఇంటి ఆడమనిషి తన బండి తాను తోలుకుంటే నీకేంది నొప్పి?"

అవతల ఏం చెప్పాడో వినపడలేదు. సారు ఫోను నా చేతికి ఇచ్చి, "ఒప్పుకున్నాడు. బండి తీయి" అన్నాడు. నన్ను కన్న మా అబ్బా నా పెళ్ళికి ముందే పోయాడు. ఉండి ఉంటే ఆ మాట ఆయన మాట్లాడేవాడని ఆ రోజు అనుకున్నాను. అనుకున్నదాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం నా వల్ల కావడం లేదు, అదే నా బాధ.

పిల్లల వ్యాన్ తోలాలంటే మామూలు కారు లైసెన్సు చాలదు. దాని పైన రవాణా బండ్ల లైసెన్సు కావాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. చూపు సరిగా ఉందా, చేతులు కాళ్ళు సరిగా ఉన్నాయా అని డాక్టరు చూసి సంతకం చేయాలి. నేను ఆస్పత్రికి పోతానన్నాను. "ఈ ఎండలో ఎందుకు పోయేది? మనకు తెలిసిన డాక్టరుండాడు, నేను తెప్పిస్తా" అన్నాడు. తెప్పించాడు. లైసెన్సు వచ్చింది. జమ్మలమడుగులో ఒక బడి వాళ్ళు వ్యాన్ ఇచ్చారు. మొదటి రోజు సారు ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చి, బడి గేటు ఎదురుగా నిలబడి, నేను పిల్లల్ని దింపడం చూసి, తిరుగు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు.

కొంతకాలానికి, వంక దగ్గర మలుపులో ఒక బైకు అతను ఎదురుగా వేగంగా వచ్చి నా వ్యాన్‌కు తగిలాడు. పిల్లలకు ఏమీ కాలేదు. అతనికి భుజం ఎముక విరిగింది. తప్పు అతనిదేనని పోలీసులే తేల్చారు. కానీ బీమా వాళ్ళు నా లైసెన్సు కాగితాలు తెప్పించుకుని చూశారు. సర్టిఫికెట్ మీద పేరున్న డాక్టరును అడిగితే, ఆ సంతకం తనది కాదన్నాడు. రవాణా ఆఫీసు నుంచి నాకు విచారణకు రమ్మని పిలుపు వచ్చింది.

ఆ ముందు రోజు సారు జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. చాప మీద కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"సారూ, ఆ డాక్టరు సంతకం పెట్టలేదంటాండాడంట. మీరే గదా తెప్పించినారు? ఏం జరిగింది?"

"యాడో పొరపాటు జరిగింది పాపా. తెచ్చిచ్చేవాడు ఏం చేసినాడో." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "రేపు నువ్వు నా పేరు చెప్తే నా స్కూలు ఫైళ్ళన్నీ బయటికి తీస్తారు. అందరి లైసెన్సులూ పోతాయి. కువైట్ పోయినోళ్ళుండారు. బస్సులు తోలేవాళ్ళుండారు. నీ మాదిరి ఆడపిల్లలుండారు."

"మరి నేనేం చెప్పాల?"

"డాక్టరు కాడికి నేనే పోయి తెచ్చుకున్నా అను. ఒక్క మాట. ఇది ఆఫీసు విచారణ, పోలీసు కేసు గాదు. లైసెన్సు కొన్నాళ్ళు ఆపుతారు, మందలిస్తారు. ఆ మీదట నేను చూసుకుంటా. నేనుండా గదా?"

లేచేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు.

మరునాడు ఆఫీసులో మోటారు వాహనాల ఇనస్పెక్టరు ఎదుట కూర్చున్నాను. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన చిన్న వయసు మనిషి. మర్యాదగా మాట్లాడాడు. "ఈ సర్టిఫికెట్ మీరే తెచ్చుకున్నారా? డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఇచ్చారా? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండమ్మా" అన్నాడు. కిటికీ అవతల వేపచెట్టు కింద సారు నిలబడి ఉన్నాడు. నా వైపు చూస్తున్నాడు.

"నేనే తెచ్చుకున్నా సార్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. సంతకం చేశాను. బయటికి వస్తే సారు "శభాష్" అన్నాడు. కారు నేర్చుకునేటప్పుడు ఒక్కసారి కూడా ఆయన నోట ఆ మాట వినలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఇనస్పెక్టరు రిపోర్టు మీద పోలీసులు కేసు పెట్టారు. దొంగ పత్రం తయారు చేయడం, దాన్ని అసలుదని చూపి వాడుకోవడం. ముద్దాయిని నేనొక్కదాన్నే. స్టేషను నుంచి నోటీసు రాగానే సారుకు ఫోను చేశాను. "భయపడాకు, లాయర్ని నేను పెడతా" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. ప్రొద్దుటూరులో ఆయన స్కూలుకు పోయాను. అక్కడ పనిచేసే అమ్మాయి "సారు లేడక్కా, బయటికి పోయినాడు" అంది. గడప దగ్గర ఆయన చెప్పులు ఉన్నాయి. నేను వాటినే చూస్తుంటే ఆ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది.

లాయర్ని నేనే వెతుక్కున్నాను. కోర్టు వెనక సందులో చిన్న గది, గట్టి గొంతు ఉన్న పెద్దావిడ. మొదట అడిగింది ఒక్కటే.

"ఇప్పటిదాకా ఎవరెవరితో ఏం మాట్లాడినావు?"

ఇనస్పెక్టరు ముందు చెప్పిన మాట చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు చెప్పినావు?"

"అది ఆఫీసు విచారణే, పోలీసు కేసు గాదన్నాడు మేడం."

"అదే నీ కొంప ముంచింది. పోలీసోళ్ళ ముందు తప్పు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. చట్టమే చెల్లదంటాది. ఆ ఇనస్పెక్టరు పోలీసు గాదు గదా! ఆయన ముందు నువ్వు చెప్పిన మాట నేరుగా కోర్టుకు నడిచొస్తాది. నీకీ సలహా ఇచ్చినోడికి ఈ సంగతి తెలుసా?"

"తెలీదేమో మేడం."

"దినామూ ఆ ఆఫీసు గడప తొక్కేటోడికి తెలీదా?"

నాకు కోపం వచ్చింది, సారు మీద కాదు, ఆమె మీద. ఆయన గురించి అట్లా మాట్లాడతాండారేంది అనుకున్నాను.

ఆమె నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఎవరు పిలిచినా పోవాలి, తప్పించుకుని తిరగకూడదు. పేరు, ఊరు చెప్పాలి. మిగతా ఏది అడిగినా లాయరు లేకుండా మాట్లాడనని మర్యాదగా చెప్పాలి. రాసి ఉన్నది చదవకుండా సంతకం చేయకూడదు, ఖాళీ కాగితం మీద అసలుకే చేయకూడదు. బెయిలు వచ్చిందంటే కేసు పోయినట్టు కాదు, పిలిచిన ప్రతిసారీ వస్తానని కోర్టుకు మాట ఇచ్చినట్టు. మాట తప్పితే లోపల వేస్తారు. నేరం నేను చేయలేదని నిరూపించుకోవాల్సిన పని నాకు లేదు, చేశానని నిరూపించాల్సింది సర్కారు. "అందుకే నోరు మూసుకోమనేది. వాళ్ళ పని నువ్వు చేసి పెట్టాకు" అంది.

బెయిలు వచ్చింది. పని పోయింది. బడి వాళ్ళు మంచిగానే చెప్పారు, తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని. ఒకామె నా ముందే "దొంగ లైసెన్సు దాని చేతిలో పిల్లల్ని పెట్టినామా ఇన్నాళ్ళూ?" అంది. ఆమె కొడుకును చెయ్యి పట్టుకుని వ్యాన్ ఎక్కించిందీ దించిందీ నేనే. మా ఆయన ఫోనులో కేసు సంగతంతా చెప్పించుకున్నాడు. చివరికి "ఆ సారు ఏమంటాండాడు?" అని అడిగాడు. ఫోను పెట్టేశాను.

నేరం ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగే రోజు, కోర్టు వరండాలో సారు స్కూలు మనిషి ఒకతను నా దగ్గరికి వచ్చాడు.

"సారు చెప్పమన్నాడక్కా. ఒప్పేసుకో అంట. ఫైను వేసి వదిలేస్తారంట. అది సారే కడతాడంట."

లాయరమ్మకు చెప్పాను. "ఒప్పుకుంటే ఈరోజే ఇంటికి పోతావేమో. పోకనూ పోవచ్చు, దీనికి జైలు కూడా ఉండాది. ఎట్లయినా నేరస్తురాలివి అయిపోతావు. ఆ మీదట ఏ బడి నిన్ను వ్యాన్ ఎక్కనిస్తాది? నువ్వు ఒప్పుకుంటే ఫైలు మూతపడతాది. అది ఎవరికి కావాల్నో ఆలోచించు" అంది.

మేజిస్ట్రేటు అడిగినప్పుడు ఒప్పుకోనన్నాను. 

సర్కారు తరఫు సాక్షుల పేర్లు చూసిన రోజు మాత్రం నాకు ప్రాణం లేచి వచ్చింది. అందులో సారు పేరుంది. "మేడం, సారు వస్తాండాడు! ఆయన వచ్చి నిజం చెప్తాడు" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. "ఆ సాక్షి మన సాక్షి కాదు తల్లీ" అంది మెల్లగా. నేను నమ్మలేదు. వాయిదా మీద వాయిదా పడుతుంటే ఆయన వచ్చే రోజు కోసం ఎదురుచూశాను. కోర్టులో అంతమంది ముందు, ప్రమాణం చేసి, అబద్ధం చెప్పే మనిషి కాదని నా ధైర్యం.

ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, కాలరు వెనక రుమాలు. బోనులో ఉన్న నా వైపు చూడలేదు. సర్కారు లాయరు అడిగితే, డాక్టరు సర్టిఫికెట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటారనీ, నేనూ అట్లాగే తెచ్చి ఇచ్చాననీ చెప్పాడు. గొంతులో తడబాటు లేదు. తర్వాత మా లాయరమ్మ లేచింది.

"ఈమె తెచ్చి ఇవ్వడం మీరు కళ్ళారా చూశారా?"

"చూసినా మేడం."

"అంటే ఈమె మీకు బాగా తెలుసు."

 తెలుసంటే తర్వాత తన మీదికే ప్రశ్నలు వస్తాయని ఆయనకు అర్థమైంది. "మా కాడికి శానామంది వస్తారు మేడం. ఈమె ఎవరో నాకు గుర్తు లేదు."

"ఎన్నాళ్ళు నేర్పారు?"

"గుర్తు లేదు."

"విచారణకు ముందు రోజు జమ్మలమడుగులో ఈమె ఇంటికి వెళ్ళారా?"

"లేదు. ఈమె ఇల్లు నాకు తెలీదు."

"ఈమె భర్తతో ఫోనులో మాట్లాడారా?"

"ఈమెకు భర్త ఉండాడో లేడో నాకేం తెలుసు మేడం?"

బోను కమ్మీ పట్టుకున్నాను. సర్టిఫికెట్ నేనే తెచ్చానని అబద్ధం చెప్పినప్పుడు కూడా ఏదో భయంలో అన్నాడని సర్దుకున్నాను. ఈ మాటతో ఆ ఫోను, ఆ మైదానం, ముద్దనూరు రోడ్డు, బడి గేటు ఎదుట ఆయన నిలబడిన పొద్దు, అన్నీ నా నుంచి లాక్కున్నట్టయింది. అవి జరగనే లేదని దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాడు.

లాయరమ్మ ఆయన వైపు ఒక అడుగు వేసింది. తర్వాత అడిగింది. "మనిషే గుర్తు లేదు. ఆ మనిషి సర్టిఫికెట్ తెచ్చి మీ చేతికి ఇవ్వడం మాత్రం ఎలా గుర్తుంది?"

సారు రుమాలు తీసుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. మేజిస్ట్రేటు తల ఎత్తి ఆయన వైపు చూశాడు.

కేసు అక్కడే సగం విరిగింది. ఆ సంతకం పెట్టింది నేనేనని ఎవరూ చూపలేకపోయారు. ఆ సర్టిఫికెట్‌లో నా పేరు, వయసు నింపిన చేతిరాత ఎవరిదో కనుక్కోలేదని ఇనస్పెక్టరు ఒప్పుకున్నాడు. వేరే ఆధారం లేకుండా ఆఫీసులో ఇచ్చిన ఒక్క మాట మీద శిక్ష వేయలేమని, నేరం రుజువు కాలేదని తీర్పు వచ్చింది.

తీర్పు రోజు సారు కోర్టుకు వచ్చాడు. ఎవరూ రమ్మనకుండానే. వరండాలో నా దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు.

"చూసినావా డ్రైవరమ్మా, ఏం కాలేదు గదా! నేను అప్పుడే చెప్తి."

 "నేనెవరో మీకు గుర్తు లేదంటిరి గదా సారూ" అన్నాను.

"పిచ్చిదానా, గుర్తు లేదన్నందుకే గదా నువ్వు బయటపడింది! తెలుసు అనుంటే ఆమె నన్ను ఆ ప్రశ్న అడిగేదా?"

నిజంగానే సంతోషంగా ఉన్నాడు. నటిస్తున్న మొహం కాదది. లాయరమ్మ నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దించింది. కింద అడిగాను. "మేడం, నన్ను కాపాడేదానికే అట్ల చెప్పినాడంటారా?"

"కాపాడాలనుకునేవాడు బోనెక్కేదాకా ఆగడు తల్లీ. ఇనస్పెక్టరు కాడికి నీకంటే ముందే పోయుంటాడు."

తీర్పు వచ్చినా జమ్మలమడుగు నన్ను వదల్లేదు. "రుజువు కాలేదంట" అనేవాళ్ళు. చేయలేదని ఎవరూ అనలేదు. పులివెందులలో మా అక్క ఉంది, ఇక్కడికి వచ్చేశాను. ఆస్పత్రికి నేనే పోయి, వరసలో నిలబడి, గోడ మీది అక్షరాలు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. కొత్తగా లైసెన్సు తీసుకున్నాను. ఇక్కడ బడి వాళ్ళకు కేసు సంగతి ముందే చెప్పి పనిలో చేరాను. ఒకసారి ముద్దనూరు రోడ్డులో ఆ పాత కారు ఎదురొచ్చింది. ఎవరో ఆడపిల్ల తోలుతోంది. పక్కన ఆయన కాళ్ళు మడుచుకుని, శెనక్కాయలు ఒలుచుకుంటూ. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆ పిల్ల దగ్గర ఆగి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఏం చెప్పాలి? ఆయన బాగా నేర్పుతాడు. అంతకంటే బాగా ఎవరూ నేర్పరు. చూసీ చూడనట్టు దాటిపోయాను.

మస్తాన్ కబురు చెప్పిన మరునాడు పొద్దున ప్రొద్దుటూరు పోయాను. శవాన్ని అప్పటికే తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ళే ఉన్నారు. సారు భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను ఎప్పుడూ చూడలేదు. పేరు చెప్పాను. వెంటనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వా షమీమ్! నీ మాట ఎన్ని తూర్లు చెప్పినాడో! నీ తీర్పు వచ్చిన దినం ఇంటికి మిఠాయి తెచ్చినాడు తల్లీ. మా పాప గెలిచిందని వీధంతా పంచినాడు."

ఆమెకు ఏమీ తెలియదని మొహం చూస్తేనే అర్థమైంది. చెప్పడానికి అది సమయం కాదు. అయినా ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసింది దాని కోసమేనని అడిగేదాకా నాకూ తెలియదు.

"అమ్మా, నా కేసు గురించి ఎప్పుడన్నా బాధపడినాడా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, నా ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

"బాధెందుకు తల్లీ? నువ్వు గెలిచినావు గదా."

తల ఊపి, ఆమె చేతుల్లోంచి నా చేతులు మెల్లగా తీసుకున్నాను.